పోలమ్మ ఆయాసం

"ఓపిక లేనిదానివి ఎందుకు బయల్దేరినావే?" అంది జోగమ్మ, మేళా గేటు దగ్గరే.

"టిక్కెట్టు కొన్నాను కదేటి?" అంది పోలమ్మ. "పదడుగులకోసారి కూకుంటాను. మొత్తం సూసే ఎల్తాను. నీకేటి నొప్పి?"

విశ్వకర్మ పూజ తర్వాత వచ్చే ఆదివారం, ఈ బెంగాలీ ఊళ్ళోని రైల్వే వర్క్‌షాపులో, కమ్మరి షాపు వాళ్ళంతా పెళ్ళాం పిల్లలతో ఇందా పేటలో జరిగే మేళాకి వెళ్ళడం ఆనవాయితీ. రానివాడి గురించి సోమవారం షాపులో నాలుగు మాటలు పుడతాయి. అందులోనూ ఈ ఏడాది మేస్త్రి పోస్టు ఖాళీ అయింది. ఛార్జిమన్ రామచంద్రమూర్తి గారు ఎవరి పేరు పంపితే వాడిదే. వరసలో ఇద్దరున్నారు. ఒకడు పోలమ్మ మొగుడు తవిటయ్య, రెండోవాడు జోగమ్మ మొగుడు నూకయ్య. మేస్త్రి అయితే ఇక సుత్తి పట్టక్కర్లేదు, నిలబడి చేయిస్తే చాలు.

తవిటయ్యకి పనితనం ఉంది. అడ్డల్లా పెళ్ళామే. పోలమ్మ ఆయాసం సంగతి వాళ్ళుండే ట్రాఫిక్ కాలనీలో తెలియనివాళ్ళు లేరు. ఎండాకాలం నుంచీ పంపు దగ్గర కూడా కూర్చునే నీళ్ళు పట్టుకుంటోంది. "దానికి బాగోలేదు బాబూ" అని తవిటయ్య ఎన్ని నాగాలు పెట్టాడో ఛార్జిమన్ గారికి తెలుసు. అలాంటిది, ఈ ఒక్క పూటైనా ఇంటిపట్టున ఉండి మొగుడి పరువు కాపాడొచ్చు కదా! ఉండదు. మొండిఘటం.

మోటారు సైకిలు గోడల మీద తిరిగే బావిని చెక్కమెట్లెక్కి పైనుంచి చూడాలి. అందరూ బిలబిలా ఎక్కారు. పోలమ్మ మొదటి మెట్టు మీదే చతికిలబడి, తవిటయ్యని రెక్క పట్టుకుని కిందికి లాగింది.

"నువ్వూ కూకో మావా. నన్నొక్కదాన్నీ వొగ్గీసి ఎల్తావేటి?"

తవిటయ్య ఆమె పక్కనే కూర్చున్నాడు.

"పాపం, తవిటన్నని కూడా సూడనివ్వదు సూడు!" అని పైనుంచి జోగమ్మ కేకేసింది.

"నా మొగుడు, నా ఇష్టం!" అని పోలమ్మ కిందనుంచే తిప్పికొట్టింది. ఆయాసమంతా ఒంటికే గానీ నోటికి లేదు.

బావి దాటాక గోలీ సోడా కావాలంది. రెండు గుక్కలు తాగి, "గొంతు దిగట్లేదు, నువ్వు తాగీ మావా" అని మిగతాది మొగుడికిచ్చింది. అతని చేతిని గట్టిగా పట్టుకుని, అందరికన్నా వెనకగా, పెళ్ళికూతురిలా నడిచింది. ఆమె నడకకి తగ్గట్టే అతనూ నడిచాడు. చూసినవాళ్ళు అతని ఓర్పుని మెచ్చుకున్నారు.

జెయింట్ వీల్ దగ్గర మళ్ళీ పేచీ. వద్దు, గుండె ఆగిపోతుంది అన్నారంతా.

"ఆగితే పైనే ఆగుతాది. మీకేటి?" అని మొగుణ్ణి లాక్కుని ఎక్కి కూర్చుంది. ఆట అయ్యాక దిగమంటే దిగలేదు. "దాదా, ఆర్ ఏక్‌బార్!" అని, ఇంకోసారి తిప్పమని ఆటవాడికి బెంగాలీలో చెప్పి, రెండో ఆటకి కూడా కూర్చుంది.

కింద రామచంద్రమూర్తి గారు నూకయ్యతో అన్నారు. "తవిటయ్య మంచివాడేనయ్యా. కానీ ఈ ఇల్లాలితో మేస్త్రిగిరీ ఏం చేస్తాడు?"

నూకయ్య వినయంగా తల వంచుకున్నాడు. లోపల ఎంత సంతోషపడ్డాడో చెప్పక్కర్లేదు.

అసలు తమాషా సుత్తి దగ్గర జరిగింది. పొడుగాటి స్తంభం, దాని అడుగున ఒక దిమ్మ. దిమ్మని సుత్తితో కొడితే ఇనప గుండు పైకెగిరి గంట మోగించాలి. కమ్మరి షాపు వాళ్ళకి ఇలాంటిది కనబడితే ఊరుకుంటారా? నూకయ్య ఒక్క దెబ్బ వేశాడు. గంట ఖంగుమంది.

"ఇక నువ్వోయ్ తవిటయ్యా!" అన్నారు ఛార్జిమన్ గారు. "మేస్త్రి ఎవరో ఇక్కడే తేల్చేద్దాం."

నవ్వుతూనే అన్నారు గానీ, షాపు వాళ్ళెవరూ ఆ మాటని నవ్వులాటగా తీసుకోలేదు. తవిటయ్య, వదులుగా వేలాడుతున్న చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. అతను సుత్తి అందుకునేలోపే పోలమ్మ దాన్ని లాగేసుకుంది.

"ఏటి బాబూ! పనిరోజున జీతమిచ్చి కొట్టిస్తారు. పండగపూట టిక్కెట్టు కొని మరీ కొట్టాలా? నా మొగుడు ఇయ్యాల సుత్తి ముట్టడు. కావాలంటే నాను కొడతాను, సూసుకోండి!"

కొంగు దోపి, సుత్తి ఎత్తి దభీమని వేసింది. గుండు సగం దాకా వెళ్ళి దిగింది. బెంగాలీలు, తెలుగువాళ్ళు అని లేకుండా జనమంతా ఈలలు వేశారు. పోలమ్మ సుత్తి పారేసి, గుండె పట్టుకుని నేల మీద కూలబడింది. తవిటయ్య ఆమె పక్కనే కూర్చున్నాడు. అతని మొహం పాలిపోయి ఉంది.

నవ్వీ నవ్వీ రామచంద్రమూర్తి గారికి పొలమారింది. అంతలో తవిటయ్య మొహం చూసి జాలేసింది.

"ఇలాంటి పెళ్ళాన్ని నెట్టుకొస్తున్నవాడివి, షాపుని నెట్టుకురాలేవటయ్యా? నీ పేరే పంపిస్తాను. ముందు ఆవిణ్ణి ఇంటికి తీసుకెళ్ళు."

జోగమ్మ మూతి ముడుచుకుంది. ఛార్జిమన్ గారే స్వయంగా రిక్షా పిలిచి ఇద్దర్నీ ఎక్కించారు.

"అద్దాల మేడ సూడనేదు!" అని పోలమ్మ రిక్షాలోంచి కూడా జనానికి వినబడేలా దెబ్బలాడుతూనే ఉంది.

కాలనీ మొదట్లోనే రిక్షా ఆగిపోయింది. నీళ్ళ పైపు కోసం రోడ్డుకి అడ్డంగా తవ్వేశారు. అక్కణ్ణుంచి క్వార్టర్ దాకా నడవాల్సిందే. ఊరంతా మేళాలో ఉంది, సందులో పిట్ట మనిషి లేడు. రిక్షావాడు వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

పోలమ్మ అటూ ఇటూ చూసి, కొంగు నడుముకి బిగించి, రోడ్డు పక్కన కూలబడి ఎగశ్వాస పీలుస్తున్న మొగుణ్ణి వీపున వేసుకుని, ఆయాసమన్నదే లేకుండా గబగబా ఇంటికి నడిచింది.