దిబ్బ అవతల

ఆ వారంలో అది నాలుగో గొర్రెపిల్ల.

మంచు మీద కాస్త రక్తం, ఒక చిన్న చెవి, తోడేలు జాతి కయోటీ అడుగులు. అంతే మిగిలాయి.

మార్వా చేతులు ప్యాంటుకు తుడుచుకుని, మొగుడి తుపాకీ ట్రక్కులో పడేసుకుని ఊళ్ళోకి బయల్దేరింది. మొగుడు థేన్ పోయి రెండేళ్ళు. రెండొందల గొర్రెలు, వయోమింగ్ గాలి, తను. ఆ కొంపలో ఇంకెవరూ లేరు.

తుపాకుల కొట్టులో పొయ్యి చుట్టూ ఎప్పుడూ ఉండే నలుగురూ ఉన్నారు.

"దీనికి తూటాలియ్యి గోర్డీ. థర్టీ-ఆట్-సిక్స్, బరువు గుళ్ళు."

"దుప్పి వేటకా? ఇప్పుడు సీజన్ కాదే!"

"కయోటీకి."

"భేష్. తగిలితే తోక కూడా మిగలదు," నవ్వాడు కొట్టు గోర్డీ.

"ఆ కయోటీ వెనకాల ఏముంటుందమ్మా?"

అడిగింది మూలన నిలబడ్డ ముసలాయన. పేరు వెర్ల్. మూడేళ్ళ కిందట ఎక్కణ్ణుంచో వచ్చి ఊరి చివర చక్రాల మీది ట్రైలర్ ఇంట్లో ఒంటరిగా ఉంటున్నాడు. ఎవరింటికీ వెళ్ళడు. ఎవరూ పిలవరు కూడా.

"వెనకేముంటుంది? దిబ్బ."

"దిబ్బ దాటితే?"

"రోడ్డు."

"నేల ఇంకా గడ్డకట్టే ఉంది. ఇంత బరువు గుండు గురి తప్పితే, నేలకు తగిలి లేచి ఎంత దూరమైనా పోతుంది. టూ-ట్వంటీ-త్రీ తుపాకీ తీసుకో. తేలిక గుండు. దేనికి తగిలినా అక్కడే తునకలైపోతుంది."

"వెర్ల్ మాట వింటే ఎలకల్ని కొట్టుకోవాలి మార్వా!" అన్నాడు పొయ్యి దగ్గర ఒకడు. అందరూ పగలబడి నవ్వారు.

మార్వా మొహం ఎర్రబడింది. గోర్డీ ఇచ్చిన తూటాలే తీసుకుని బయటికొచ్చింది.

ముసలాయన వెనకాలే వచ్చాడు. "నా మాట విను తల్లీ..."

"నాకు మొగుడుండేవాడు పెద్దాయనా. పోయాడు. ఆ ఖాళీలోకి రమ్మని నిన్నెవరూ అడగలేదు."

వెర్ల్ తల ఊపి, పక్కకు తప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె గేటు దగ్గర అతని పికప్ ట్రక్కు ఆగింది. చేతిలో కొత్త తుపాకీ, అట్టపెట్టె కూడా విప్పలేదు.

"టూ-ట్వంటీ-త్రీ. నీకోసమే. ఉంచుకో."

"నేను నీకేమవుతానని?"

"ఏమీ కావు."

"మరి?"

"దిబ్బ అవతల మెర్సర్ గారి పిల్లలు బడి బస్సెక్కుతారు."

"బస్సు ఎనిమిదింటికి. నేను ఏడున్నరకే తుపాకీ దించేస్తాను. ఆమాత్రం నాకు తెలుసు."

"అందరికీ తెలుసమ్మా," అన్నాడు వెర్ల్.

ఆమె గేటు తియ్యలేదు. అతను పెట్టె మళ్ళీ బండిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తొమ్మిదో రోజు కయోటీ ఆలస్యంగా, ఏడున్నర దాటాక వచ్చింది.

దిబ్బ నెత్తిన తాపీగా నడుస్తోంది. నోట్లో గొర్రెపిల్ల ఇంకా కాళ్ళు కొట్టుకుంటోంది. మార్వాకి గడియారం గుర్తు రాలేదు. పేల్చేసింది.

కయోటీ కాళ్ళ దగ్గర మట్టి లేచింది. కయోటీ మాయమైంది. ఆ వెంటనే దిబ్బ అవతల ఇనుము మోగింది.

తుపాకీ అక్కడే పారేసి పరిగెత్తింది. దిబ్బ ఎక్కి అవతలికి దిగింది.

కింద రోడ్డు పక్కన వెర్ల్ పికప్, దిబ్బకు అడ్డంగా నిలబెట్టి ఉంది. ముందు చక్రం పైన వేలు పట్టేంత చిల్లు. పికప్ అవతల, బోర్లించిన బకెట్ల మీద కూర్చుని మెర్సర్ పిల్లలిద్దరూ బిస్కెట్లు తింటున్నారు.

"రోజూ ఇలాగే అడ్డం పెడతాడు," అంది పెద్దపిల్ల. "మాకు గాలి కొట్టకుండా."

వెర్ల్ చిల్లు వంక చూశాడు. మార్వా వంక చూశాడు. తిట్టలేదు.

"కయోటీకి తగిలిందా?"

"లేదు."

"సరే. పక్కకు జరుగమ్మా, బస్సొస్తోంది."

ఆ మధ్యాహ్నమే మార్వా కొట్టుకెళ్ళి టూ-ట్వంటీ-త్రీ కొనుక్కుంది.

"ఎలకలు ఎక్కువయ్యాయా?" అన్నాడు గోర్డీ.

ఆమె డబ్బు బల్ల మీద పెట్టి బయటికొచ్చింది.

ట్రైలర్‌కి వెళ్ళాలనుకుంది. వెళ్ళి ఏమనాలి? ఏం చెప్పినా చిన్నదే అనిపించింది. గొర్రెలు ఈనుతున్న రోజులు. రేపెళ్దాం అనుకుంది. ఆ రేపు నెలరోజులైంది.

రోజూ పొద్దున దిబ్బ ఎక్కి చూస్తే పికప్ అడ్డంగా ఉండేది. ఒకసారి చెయ్యెత్తింది. అతను చూశాడో లేదో తెలియదు.

ఏప్రిల్ నెలాఖరులో ఒకరోజు పికప్ రాలేదు. మర్నాడూ రాలేదు.

మూడో రోజు మార్వా గిన్నెడు మాంసం పులుసు కాచి ట్రైలర్‌కి తీసుకెళ్ళింది. తలుపు తీసే ఉంది. వెర్ల్ కుర్చీలోనే ఉన్నాడు. పోయి రెండు రోజులైందన్నారు.

సమాధి దగ్గర మార్వా, మెర్సర్ కుటుంబం, నెవాడా నుంచి వచ్చిన వెర్ల్ చెల్లెలు. అంతే.

"మా అన్నయ్యకి ఈ ఊళ్ళో స్నేహితులుండేవారా?" అడిగింది చెల్లెలు.

మార్వా తల దించుకుంది. "పిల్లలంటే మాత్రం ప్రాణం ఆయనకి. రోజూ బస్సొచ్చేదాకా వాళ్ళకి కాపలా ఉండేవాడు."

చెల్లెలు చేతి తొడుగులు తీసి, మట్టి పిడికిట్లోకి తీసుకుంది.

"నలభై ఏళ్ళ కిందట అన్నయ్య ఒక కయోటీని కొట్టాడమ్మా, ఆ గుండు దాన్ని దాటి పోయి, రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డ తన ఏడేళ్ళ కూతురికి తగిలింది."