వెయ్యో కుట్టు

మూడో బేస్ మీద నాకు కాలు నిలవడం లేదు. బేస్‌బాల్ ఆట పదహారో ఇన్నింగ్స్‌కి వచ్చినా స్కోరు సమానమే; ఇక్కణ్ణుంచి నేను పరుగు పూర్తిచేస్తే గెలుపే. తెల్లారితే నేను యుద్ధానికి పోవాలి.

మా జట్టు ఇసోకావా కొట్టిన బంతి గీత బయట పడింది; అలా పడ్డంతసేపూ ఆట తేలదు. పరిగెత్తినవాణ్ణి వెనక్కొచ్చాను. మళ్ళీ బయటికే. అలా పదకొండుసార్లు.

"ఒరేయ్, బంతిని చూడరా! జనంలో ఎవర్ని వెతుకుతున్నావ్?" అని అరిచాను.

ఇంతలో జనం మధ్య ఓ తెల్లగుడ్డ పైకి లేచింది. పన్నెండోది తిన్నగా కొట్టాడు. గెలిచాం.

అమ్మ పరిగెత్తుకొచ్చి ఆ గుడ్డ నా నడుముకి కట్టింది. "వెయ్యిమంది ఆడవాళ్ళ చేత తలో కుట్టూ వేయించాన్రా. ఇక క్షేమంగా తిరిగొస్తావు. వెయ్యీ పూర్తవకముందే ఆట అయిపోతే అందరూ ఇళ్ళకి వెళ్ళిపోతారని హడలి చచ్చాను. దేవుడే ఆపాడు."

దేవుడు పక్కనే నిలబడి అరచేతుల బొబ్బలు ఊదుకుంటున్నాడు.