పిస్తోలు కింద పెట్టు

"స్టాప్! అందరూ ఆపండి!"

రఘు పిస్తోలు ఎత్తబోతుండగా ఎర్రజెండా లేచింది. లేపినవాడు పరాయివాడైతే సరిపెట్టుకోవచ్చు. కాల్పుల మైదానం చూసుకునే రేంజి ఆఫీసరు కోదండరామ, రఘు భార్య కాంచనకు సొంత అన్న!

తిరువళ్ళూరు జిల్లా పోలీసుల పిస్తోలు పోటీ అది. ఇంకా అయిదు తూటాలే మిగిలాయి. తిరుత్తణి కానిస్టేబులు తణికైవేల్ కంటే రఘు నాలుగు పాయింట్లు ముందున్నాడు. గెలిచినవాడికి రాష్ట్ర జట్టులో చోటు. మూడేళ్లుగా రెండో స్థానంతో ఇంటిముఖం పట్టిన మనిషికి ఇవాళ గెలుపు చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది.

"నాలుగో నంబరు! పిస్తోలు కింద పెట్టు. నిన్ను పోటీలో నుంచి తీసేస్తా ఉండా."

రఘు చెవుల మీది మఫ్‌లు తీశాడు. సరిగ్గా వినలేదేమో అనుకున్నాడు పాపం.

"ఎవర్ని సార్?"

"నిన్నే. నేను చెప్పకముందే ట్రిగ్గరు మీద వేలు పెట్టినావు. సేఫ్టీ రూలు తప్పినావు."

"నేనా? యాడ పెట్టినాను సార్? వేలు పక్కకి చాపుకోనే ఉండాను గదా!"

"నేను చూసినాను. చాలు."

అబద్ధం! పచ్చి అబద్ధం! రఘు వేలు ట్రిగ్గరు దరిదాపుల్లో కూడా లేదు. జెండా లేవకముందు జరిగింది ఒక్కటే. తిరుత్తణి స్టేషను శరవణన్ వెనకనుంచి పరుగున వచ్చి కోదండరామ చెవిలో ఏదో ఊదాడు. శరవణన్, తణికైవేల్ ఒకే స్టేషనువాళ్లు. ఇంక అర్థం కానిదేముంది? నోటికాడి కూడు తన్నేశారు.

"శరవణన్ ఏం చెప్పినాడు సార్?" రఘు గొంతు పెంచాడు. "వాళ్ల స్టేషనోడే గెలవాలన్నాడా?"

కోదండరామ మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. తప్పు చేసినవాడి మొహం అలాగే ఉంటుంది మరి.

"పిస్తోలు కింద పెట్టమన్నాను."

రఘు పందిరి కిందికి చూశాడు. పోటీకి పెద్ద జడ్జి ఇన్‌స్పెక్టర్ జగన్నాథన్ అక్కడే కూర్చుని ఉన్నాడు.

"సార్, మీరైనా చెప్పండి సార్! నేను అప్పీలు చేసుకుంటాను."

జగన్నాథన్ తల దించుకున్నాడు. "ఆఫీసర్ చెప్పినట్టు చెయ్యి రఘు," అన్నాడు. శరవణన్ ఆయన దగ్గరికీ వెళ్లొచ్చాడు కాబోలు. అందరూ ఒక్కటైతే పేదవాడి మాట వినేదెవరు?

"మ్యాగజీను తియ్," అన్నాడు కోదండరామ.

తీశాడు.

"స్లైడు లాగు. లోపల చూపించు."

చూపించాడు. ఖాళీ.

"ఇంకోసారి."

ఇంకోసారి చూపించాడు.

"తూటాలు తీసి బల్ల మీద పెట్టు. లెక్కపెట్టు."

ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. రఘు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"రెండడుగులు ఎనక్కి రా. చేతులు పైకెత్తు."

"ఏందికి?"

"జేబులు చూడాల."

ఇది మరీ ఘోరం. నూరుమంది పోలీసుల ముందు, సాటి పోలీసును, సొంత చెల్లెలి మొగుణ్ణి, దొంగను తడిమినట్టు తడిమాడు. జేబులు చూశాడు, నడుము చూశాడు, చివరికి మేజోళ్లు కూడా వదల్లేదు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

తణికైవేలే ఓర్చుకోలేకపోయాడు. "ఎన్న సార్ ఇది? అన్న ఏ తప్పూ చెయ్యలా. నేను చూస్తానే ఉండాను. ఇట్ల గెలిచే కప్పు నాకొద్దు సార్!"

"నువ్వు నోరు ముయ్యి తణికైవేల్."

ప్రత్యర్థికున్న పాటి న్యాయం బావకు లేకపోయింది. రఘు అతని ముందుకొచ్చాడు.

"బావా!"

గ్రౌండులో ఎప్పుడూ సార్ అనే పిలుస్తాడు. ఇవాళ ఆ మాటే మరిచిపోయాడు.

"బావా, నీ కాళ్లు పట్టుకుంటాను. అయిదే అయిదు తూటాలు. కాల్చనియ్. ఆ తర్వాత నన్ను సస్పెండు చేసుకో, నేనేం అడగను. ఈసారి కప్పు లేకుండా గడప తొక్కొద్దని నీ చెల్లెలు నవ్వతా పంపించినాది. దానికి నా మొగం ఎట్ల చూపించేది?"

కోదండరామ బల్ల దగ్గరికి నడిచాడు. పిస్తోలు, మ్యాగజీను, అయిదు తూటాలు పెట్టెలో పెట్టి తాళం వేశాడు. పెట్టెను శరవణన్‌కిచ్చాడు.

"జీపులో ఆయుధాల గదికి తీసుకుపో. ఇప్పుడే. యాడా నిలపొద్దు."

మిగిలినవాళ్ల పిస్తోళ్లు కూడా ఖాళీ చేయించి దూరంగా పంపించాడు. జీపు గేటు దాటేదాకా కదలకుండా నిలబడ్డాడు. ఇక్కడ రఘు ఇసుకలో కూలబడి పసిపిల్లవాడిలా ఏడుస్తుంటే కనీసం ఇటు తిరిగి చూడలేదు. రాతిగుండె మనిషి!

జీపు కనుమరుగైంది. అప్పుడు వచ్చాడు. టోపీ తీసేసి రఘు పక్కన ఇసుకలో కూర్చున్నాడు. అతని రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాడు.

"నువ్వు ఏ తప్పూ చెయ్యలేదు రఘూ. నేనే అబద్ధం చెప్పినాను."

రఘు తలెత్తాడు. "మరి ఏందికి బావా నా నోట్లో మన్ను కొట్టినావు?"

"చేతిలో పిస్తోలు ఉండంగా నీకు చెప్పే మాట కాదది."

"ఏ మాట?"

కోదండరామ గొంతులో అంతసేపూ బిగబట్టిన ఏడుపు ఒక్కసారిగా బయటపడింది.

"నువ్వు గెలిచేది చూడాలని బండి మీద వస్తా ఉండినాదంట... మణవాళనగర్ కాడ లారీ గుద్దేసినాది... మన కాంచన పోయినాది రఘూ."