తాగమని చెప్పేముందు

స్పెయిన్ నుంచి వచ్చే అతిథులకు దుబాసీ ఉద్యోగం కోసం సునంద అనంతపురంలో స్పానిష్ నేర్చుకుంటోంది. ఆ రోజు పాఠం ఆజ్ఞలు. విద్యార్థి చెప్పాలి, మాస్టారు ప్రవీణ్ చేయాలి.

“ఆబ్రే” అంది. ఆయన కిటికీ తెరిచాడు. “కోమే” అంది. ఆయన నాలుగు వేరుశెనగ పలుకులు నోట్లో వేసుకున్నాడు. తర్వాత నీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు.

సునంద ఆ గ్లాసు వైపే చూస్తూ ఉండిపోయింది.

“తాగు అనాలమ్మా. బేబే. మర్చిపోయినావా?”

“లేదు సార్.”

“మరి చెప్పు. నువ్వు చెప్తేనే కదా నేను తాగేది.”

ఆమె లేచి వచ్చి గ్లాసు అందుకుంది. వాసన చూసింది. ఒక గుక్క తాగి, గోడగడియారం వైపు చూస్తూ నిలబడింది.

“సార్ నీళ్లు ఎంగిలి చేసింది” అని వెనక బెంచీలో ఎవరో నవ్వారు.

“ఏం చేస్తాండావమ్మా?” అన్నాడు ప్రవీణ్.

“నా చిన్నప్పుడు వాన పడిందని మా నాయన విత్తనం వేస్తాన్నాడు సార్. నేనే నీళ్లు తీసకపోయినా. శెనక్కాయ విత్తనానికి పురుగుమందు కలిపిన చెంబని నాకు తెలీదు. తర్వాత తాగుతాలే అన్నాడు. తాగు నాయనా అని నేనే పట్టుబట్టినా.”

నవ్వు ఆగిపోయింది. గడియారంలో రెండు నిమిషాలు గడిచాయి. తనకేమీ కాలేదు. సునంద గ్లాసు ఆయన చేతికిచ్చి, మెల్లగా “బేబే” అంది.

ప్రవీణ్ ఆ ఎంగిలి నీళ్లు చివరి చుక్క దాకా తాగాడు. గంట కొట్టి మిగతా అందరూ వెళ్లిపోయినా, ఆమెకు కనిపించేలా అక్కడే నిలబడ్డాడు.