శవానికి తల్లి కావాలి

గున్నిల్డ్‌కు పెళ్ళి కాలేదు. అయినా ఆ పొద్దున ఆమెకు నలభై అయిదేళ్ళ కొడుకు పుట్టాడు. పుట్టేసరికే చచ్చి ఉన్నాడు.

శవం పిండిమర కాలవ గట్టున దొరికింది. ఒంటి మీద లోచొక్కా తప్ప ఏమీ లేదు. తల పగిలి ఉంది. పగలగొట్టిందెవరన్నది రాజుగారి చట్టానికి రెండో సంగతి. శవానికి జాతకం అక్కర్లేదు, జాతి కావాలి. చచ్చినవాడు ఇంగ్లీషువాడేనని అయినవాళ్ళు ప్రమాణం చెయ్యాలి. చెయ్యకపోతే దేశాన్నేలే నార్మన్ల మనిషి కిందే లెక్క. ఊరంతా జరిమానా కట్టాలి, లేదా ఎడ్లను తోలుకుపోతారు. పన్నులు కట్టీ కట్టీ అప్పటికే పళ్ళూడిన ఊరది.

అందుకే గున్నిల్డ్ తల్లి అయింది. పక్కింటి లియోఫ్విన్ బాబాయి అయ్యాడు.

కొత్తగా వచ్చిన రాజోద్యోగి ఫుల్క్ దొర శవం చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"ఓరి నా కొడుకో! ఊట్రెడో!" గున్నిల్డ్ రాగం ఎత్తుకుంది. రాగం దానంతటదే వచ్చింది. కన్నీళ్ళకు మాత్రం గుప్పిట్లో ఉల్లిపాయ పట్టుకోవలసి వచ్చింది.

"గడ్డం లేదేం? మెడ వెనక కూడా నున్నగా గొరిగి ఉంది. ఇది మా నార్మన్ల క్షవరం కదూ?"

"పేలు దొరా! తల నిండా పేలు!"

"మరి చేతులు ఇంత మెత్తగా ఉన్నాయేం?"

"పని చేస్తే కదయ్యా గట్టిపడేది!" బాబాయి అందుకున్నాడు. "బుద్ధెరిగి నాగలి ముట్టలేదు. ఊరి మీద పడి తిన్నాడు. ఆ పొట్ట చూడండి. అందులో నా కోళ్ళే పదకొండున్నాయి!"

"మా పంది కూడా!" గుంపులోంచి ఎవరో అరిచారు.

"మా జున్నంతా!"

ఊరి ఉత్సాహం కొంప ముంచేలా ఉందని గున్నిల్డ్ రాగం ఆపింది. "ఒరేయ్, చచ్చినోణ్ణి ఒక్క మాటైనా మెచ్చుకోండ్రా!"

అందరూ ఆలోచించారు. ఎవరికీ ఏమీ తట్టలేదు.

ఫుల్క్ దొరకు అనుమానం తీరలేదు. "మీ మాటలు నమ్మేదెలా? మీ వాల్‌బ్రే దొరను పిలవండి. వీడు ఎవడో ఆయనే చెబుతాడు."

గున్నిల్డ్ చేతిలో ఉల్లిపాయ జారి కాలవలో పడింది. ఇక ఎడ్లు పోయినట్టే.

అంతలో గుంపు దారిచ్చింది. వాల్‌బ్రే దొరసాని మాబిల్ గున్నిల్డ్ రాగం విని కొండ మీది కోట నుంచి నడిచి వస్తోంది. నార్మన్లు ఈ దేశాన్ని గెలిచిన నాటి నుంచీ కోటా, మరా, కాలవా, అందులో చేపా, అన్నీ ఆ వంశానివే.

"మావారు యెరూషలేం యాత్రకు బయల్దేరారండీ. మళ్ళీ ఎప్పటి మాటో," అంది మాబిల్. శవాన్ని ఒకసారి ఎగాదిగా చూసింది. "వీడా? ఊట్రెడే. మా కోటలోనే తాగి పడి ఉండేవాడు. ఇంగ్లీషువాడని నేను ప్రమాణం చేస్తాను."

నార్మన్ దొరసాని మాటకు తిరుగేముంది? ఫుల్క్ దొర తల వంచాడు.

"దొరగారు త్వరగా రావాలి తల్లీ. పొరుగు కోట దొర పోయి నెల తిరగలేదు, రాజుగారు ఆయన భార్యను డెబ్బై ఏళ్ళ ముసలాడికి కట్టబెట్టేశారు. చట్టం!"

"విన్నాను," అంది మాబిల్.

"ఇంగ్లీషువాడే! పూడ్చుకోండి," అని ఫుల్క్ దొర గుర్రమెక్కాడు. తల పగలగొట్టిందెవరని అడగనే లేదు.

గుర్రం మలుపు తిరిగినా గున్నిల్డ్ ఆపలేదు. మంచి ఊపు మీదుంది. "ఓరి నా తండ్రో! నన్నొదిలి పోయావా!"

"చాల్లే, ఊరుకోవే," శవం మీదికి దుప్పటి లాగుతూ విసుక్కుంది మాబిల్, "ఈయనతో ఇరవై ఏళ్ళు కాపురం చేసిన నాకే రాని ఏడుపు నీకెక్కణ్ణించి వస్తోంది?"