పుట్టింటి నెత్తురు

సిరోంచ ఆసుపత్రిలో కిష్టమ్మ మనవడి మంచం పక్కన నిలబడి డాక్టరు చెప్పాడు. డెంగీ ఎవరికైనా వస్తుంది. అయితే ఈ పిల్లాడి రక్తంలో ఒక ఎంజైమ్ సరిగ్గా పనిచేయడం లేదు, జ్వరం ఇంత ముదరడానికి అదీ ఒక కారణం కావచ్చు. ఆ లోపం మగపిల్లలకు తల్లి నుంచే వస్తుంది.

కిష్టమ్మ చెవికెక్కింది ఆ చివరి ముక్క ఒక్కటే. వార్డంతా వినేలా కోడలు నవత మీద లేచింది.

“విన్నరా? నా కొడుకుది మంచి నెత్తురే. ఇది తల్లిగారూరు బామ్నికెల్లి తెచ్చిన పాడు నెత్తురు! ఆ ఇంట్ల పుట్టినోళ్లు ఒక్కలన్న సక్కగున్నరా? పోరడు జర లేవనియ్యి, నిన్ను ఆడికే తోలి నా కొడుక్కు ఇంకో పెండ్లి చేస్త.”

నవత కొడుకు చిగుళ్ల మీది నెత్తురు తుడిచింది.

ఆమె పుట్టింటి వాళ్ల రక్తం కూడా పరీక్ష చేయాలన్నాడు డాక్టరు.

“మా బాపు రేపొస్తడు సార్,” అంది నవత. “ఆయన తోడబుట్టిన చెల్లె ఈడనే ఉన్నది. ముందుగాల ఆమెది తీయున్రి.”

“ఎవరామె?”

“గిప్పటిదాంక ఒర్లింది గదా సార్, గామెనే. మేనరికమే కావాల్నని పట్టువట్టి నన్ను తెచ్చుకున్నది.”

డాక్టరు సూది తీశాడు. కిష్టమ్మ రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది.