ఇంటి సాక్ష్యం

ఇంటింటి గోడకూ రోగం చూసి మందిచ్చే వైద్యపెట్టెలు వచ్చాక పైడిరాజు డాక్టరు గడప తొక్కడం ఇదే మొదలు. భార్య నూకరత్నం వెంట వచ్చింది. అతనికి రోజూ ఒకే వేళకు కుడికన్ను వెనక పొడిచినట్టు నొప్పి, కన్నీరు. నిలవలేక కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు. మూడేళ్లుగా పెట్టె మామూలు తలనొప్పి బిళ్ళలే ఇస్తోంది.

డాక్టరమ్మ ఆక్సిజన్ మాస్కు తగిలించింది. పావుగంటలో నొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది.

"ఇది క్లస్టర్ తలనొప్పి, మనిషిని పడుకోనివ్వదు. పెట్టె మొదటి వారమే పసిగట్టింది," అందామె పెట్టె నమోదులున్న తెర చూస్తూ. "కానీ ఇంట్లోవాళ్ల సాక్ష్యం లేనిదే మందు మార్చదు. నొప్పి నిజమేనా అని రోజూ అడిగింది."

"మరి మావోల్లు ఏటన్నారమ్మా?" అడిగాడు పైడిరాజు.

"నిజం నొప్పయితే పడుకుంటాడు, ఈయన తిరుగుతున్నాడు, నాటకమని. రోజుకో బొటనవేలిముద్ర వేసి మరీ చెప్పారు."

పైడిరాజు పక్కనున్న భార్య వైపు తిరిగాడు. మూడేళ్లూ అతని నుదుట శొంఠి గంధం రాసిన బొటనవేలిని నూకరత్నం కొంగులో దాచుకుంది.